వాలెంటైన్ మనవాడే, మరి ఆ పండుగ మనదేనా?

ఫిబ్రవరి రెండో వారం రాగానే మార్కాపురం, కంభం, గిద్దలూరు బజార్లలో ఫ్యాన్సీ షాపుల ముందు ఎర్ర హృదయాల బెలూన్లు వేలాడతాయి. కాలేజీ పిల్లల ఫోన్లలో ఏడో తేదీ నుంచే వరుస మొదలవుతుంది. ఒకనాడు రోజ్ డే, మరునాడు ప్రపోజ్ డే, ఆ తరువాత చాక్లెట్ డే, టెడ్డీ డే అంటూ పద్నాలుగో తేదీ దాకా ఒక్కో రోజుకు ఒక్కో పేరు, ఒక్కో ఖర్చు. అదే వారంలో మన విశ్వాసులకు పొరుగువారి నుంచి ఒక ప్రశ్న ఎదురవుతుంది. "ఇది మీ క్రైస్తవుల పండుగేనట గదా?" అని.

పేరుకు ముందు 'సెయింట్' అని ఉంది గనుక ఆ ప్రశ్న సహజమే. జవాబు చెప్పవలసిన మన యౌవనస్థులకు సంఘంలో సాధారణంగా వినబడేవి రెండు మాటలు. ఇది అన్యుల పండుగ, దాని జోలికి పోవద్దనేది ఒకటి. వాలెంటైన్ అనే దైవజనుడు ప్రేమికుల కోసం ప్రాణమిచ్చాడు గనుక చేసుకుంటే తప్పులేదనేది రెండోది. ఈ రెంటికీ చరిత్రలో గట్టి ఆధారం లేదు. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ మనుషుల విషయంలోనే కాదు, పండుగల విషయంలో కూడా వర్తిస్తుంది. నచ్చని దాన్ని ఖండించడానికైనా, నచ్చిన దాన్ని సమర్థించడానికైనా అబద్ధం ఆసరా కాకూడదు. అందుకే ముందుగా చరిత్ర చూద్దాం.

హతసాక్షి, ఆయన చుట్టూ కథలు

వాలెంటైన్ అనే పేరుగల హతసాక్షి ఉన్నాడన్నది నిజం. మూడో శతాబ్దంలో రోమా నగరంలో క్రీస్తు నిమిత్తం చంపబడ్డాడు. నగరానికి ఉత్తరంగా పోయే ఫ్లామినియన్ దారి పక్కన ఆయన సమాధి ఉండేది. నాలుగో శతాబ్దంలో అక్కడ ఒక ఆలయం కూడా కట్టారు. ప్రాచీన గ్రంథాల్లో రోమా నగరపు పాదిరి ఒకరు, టెర్ని పట్టణపు బిషప్ ఒకరు వాలెంటైన్ పేరుతో కనిపిస్తారు. వారు ఇద్దరా, లేక ఒకరి చరిత్రే రెండుగా చీలిందా అని పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. ఫిబ్రవరి 14ను ఆయన జ్ఞాపకదినంగా 496 ప్రాంతంలో పోపు గెలాసియస్ నియమించాడని సంప్రదాయం చెబుతుంది.

ఇక మనం తరచుగా వినే కథ వేరు. క్లాడియస్ చక్రవర్తి సైనికులకు పెళ్ళిళ్ళు నిషేధించాడనీ, వాలెంటైన్ రహస్యంగా పెళ్ళిళ్ళు జరిపించాడనీ, చెరసాల అధికారి కూతురికి 'నీ వాలెంటైన్' అని సంతకం చేసి ఆఖరి ఉత్తరం రాశాడనీ చెబుతారు. రెండో క్లాడియస్ 268 నుంచి 270 వరకు ఏలాడు. అతడు అలాంటి నిషేధం పెట్టినట్లు ఆ కాలపు రాతల్లో ఎక్కడా లేదు. ఇవన్నీ వందల ఏళ్ళ తరువాత ఒకదాని మీద ఒకటి చేరిన కథలు. ఆధారాలు చాలనందువల్లనే 1969లో రోమన్ కతోలిక సంఘం తన సార్వత్రిక పండుగల పట్టికలో నుంచి ఆయన దినాన్ని తీసివేసింది. హతసాక్షుల జాబితాలో మాత్రం ఆయన పేరు అలాగే ఉంది.

ఖండించేవారు చెప్పే కథా అంతే. ఫిబ్రవరి 15న రోమీయులు లూపర్కాలియా అనే ఉత్సవం చేసేవారు. మేకలను బలి ఇచ్చి, వాటి తోలు పట్టీలతో ఎదురుపడిన స్త్రీలను కొడితే సంతానం కలుగుతుందని నమ్మేవారు. దాన్ని ఎదిరించి గెలాసియస్ గట్టిగా రాసినమాట నిజమే. అయితే ఆ ఉత్సవంలో అమ్మాయిల పేర్లతో చీట్లు తీసేవారనీ, అదే ప్రేమికుల రోజుగా మారిందనీ చెప్పడానికి ప్రాచీన ఆధారం లేదు. అది చాలా తరువాతి కాలపు రచయితల ఊహ. ఆ రోజుల్లో ప్రేమికుల పండుగ అనేదే లేదు. వాలెంటైన్ చనిపోయిన తరువాత సుమారు 1,100 ఏళ్ళ వరకు ఆయన పేరుకూ యువతీయువకుల ప్రేమకూ సంబంధం ఉన్నట్లు ఎవరూ రాయలేదు.

ఆ సంబంధం కలిపినవాడు ఒక కవి. 1380ల ప్రాంతంలో ఇంగ్లండులో చాసర్ 'పార్లమెంట్ ఆఫ్ ఫౌల్స్' అనే కావ్యం రాశాడు. అందులో సెయింట్ వాలెంటైన్ దినాన పక్షులన్నీ సభ చేరి తమ జతను ఎన్నుకుంటాయి. అక్కడి నుంచి రాజాస్థానాల్లో, జమీందారుల ఇండ్లలో ఆ రోజున ప్రేమలేఖలు రాయడం ఆచారమైంది. అంటే ఇది దేవుడు నియమించిన పండుగా కాదు, దయ్యాల పండుగా కాదు. మనుషులు అల్లుకున్న ఆచారం. పొరుగువారి ప్రశ్నకు మన పిల్లలు ఇంతే చెప్పాలి. "వాలెంటైన్ మా హతసాక్షి. ఈ పండుగ మాత్రం సంఘం పెట్టింది కాదు."

మొదటి వాలెంటైన్ ఉత్తరంలో ఉన్నదేమిటి?

ఇంగ్లీషులో నేటికి నిలిచి ఉన్న అతి పాత వాలెంటైన్ ఉత్తరం 1477 ఫిబ్రవరి నాటిది. నార్ఫోక్ ప్రాంతంలో మార్జరీ బ్రూస్ అనే అమ్మాయి తనకు కాబోయే వరుడు జాన్ పాస్టన్‌ను తన వాలెంటైన్ అని సంబోధిస్తూ రాయించింది. లండనులోని బ్రిటిష్ లైబ్రరీ దాన్ని భద్రపరచింది. ఆ ఉత్తరంలో గులాబీలు లేవు, వెన్నెల లేదు. ఉన్నది కట్నం సంగతి!

పెండ్లి కుదుర్చుకునే బేరం కట్నం దగ్గర ఆగిపోయింది. తల్లి ఎంత బతిమాలినా తండ్రి అంతకు మించి ఇవ్వనన్నాడు. ఆ మాటే మార్జరీ వరుడికి తెలియజేసి, నీవు నన్ను నిజంగా ప్రేమిస్తే ఈ కారణంగా నన్ను విడిచిపెట్టవని నమ్ముతున్నాను అనే అర్థం వచ్చేలా రాసింది. జాన్ ఆమెను విడిచిపెట్టలేదు. అదే ఏడాది వారి పెళ్ళి జరిగింది.

ఈ ఉత్తరం సంగతి చదివినప్పుడు మన పడమటి ప్రాంతపు ఆడపిల్లలే మాకు గుర్తుకొచ్చారు. దాదాపు ఐదున్నర శతాబ్దాలు గడిచినా ఆ ప్రశ్న పాతబడలేదు. ఎక్కడో నార్ఫోక్‌లో అడిగిన మాటను నేడు తర్లుపాడులోనో, బేస్తవారిపేటలోనో, రాచర్లలోనో ఒక అమ్మాయి లోలోపల అడుగుతూనే ఉంది. "నాన్న ఇంతకంటే ఇవ్వలేడు. అయినా నన్ను చేసుకుంటావా?"

పండుగ మాత్రం ఆ ప్రశ్నను మరిచిపోయి వేరే దారి పట్టింది. 1840లో ఇంగ్లండులో పెన్నీ తపాలా రావడంతో ఉత్తరం పంపడం చవకైంది, అచ్చు కార్డులు వెల్లువెత్తాయి. అదే దశాబ్దం చివర అమెరికాలో ఎస్తేర్ హౌలాండ్ అనే యువతి లేసులు, రంగు కాగితాలతో కార్డులు చేయించి పెద్ద వ్యాపారం నిర్మించింది. 1868లో రిచర్డ్ క్యాడ్‌బరీ హృదయాకారపు చాక్లెట్ పెట్టెను అమ్మకానికి తెచ్చాడు. జపానులో ఆ రోజున స్త్రీలే పురుషులకు చాక్లెట్లు ఇస్తారు, నెల తరువాత మార్చి 14న పురుషులు బదులు ఇస్తారు. ఏ దేశంలో ఏ పద్ధతైనా లాభపడేది అంగడివాడే.

మన దేశానికి ఇది 1990లలో వచ్చింది. ఆర్థిక సంస్కరణలు, కేబుల్ టీవీ, గ్రీటింగ్ కార్డుల షాపులు దాన్ని మోసుకొచ్చాయి. 1999లో 'ప్రేమికుల రోజు' పేరుతో తమిళం నుంచి అనువాద చిత్రం కూడా వచ్చింది. ఆ వెంటనే వ్యతిరేకతా వచ్చింది. హైదరాబాదు పార్కుల్లో కనబడిన జంటలను పట్టుకొని బలవంతంగా తాళి కట్టించే ప్రయత్నాలు జరిగాయి. 2023లో కేంద్ర జంతు సంక్షేమ మండలి ఫిబ్రవరి 14ను ఆవును కౌగిలించుకునే దినంగా జరుపుకోమని పిలుపునిచ్చి, నాలుగు రోజుల్లోనే దాన్ని వెనక్కు తీసుకుంది. అంగడివాడు అమ్ముతున్నాడు, దండధారి అదిలిస్తున్నాడు. ఈ రెంటి నడుమ ప్రేమ అంటే ఏమిటో పిల్లలకు నిదానంగా చెప్పేవారు ఎవరు?

వాక్యం మౌనంగా లేదు

ప్రేమ అనగానే తల దించుకోవలసిన అవసరం క్రైస్తవులకు లేదు. పరమగీతము మన బైబిలులోనే ఉంది. స్త్రీపురుషుల అనురాగాన్ని ఎనిమిది అధ్యాయాల పొడవునా పాడిన గ్రంథం అది. అదే గ్రంథం ప్రేమను దాని కాలం రాకముందే లేపవద్దని యెరూషలేము కుమార్తెలను హెచ్చరిస్తుంది. ఆనందమూ హెచ్చరికా రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఆదికాండము 24లో ఇస్సాకు వివాహం పెద్దలు కుదిర్చిన సంబంధం. అబ్రాహాము సేవకుడు వచ్చాడు, బెతూయేలు, లాబాను ఒప్పుకున్నారు, కానుకలు ఇచ్చిపుచ్చుకున్నారు. అయినా ప్రయాణమయ్యే ముందు రిబ్కాను పిలిచి, ఈ మనిషితో వెళతావా అని అడిగారు. వెళతానని ఆమె తన నోట చెప్పింది. నాలుగు వేల ఏళ్ళనాటి ఆ ఇంటివారు తమ ఆడపిల్లకు ఇచ్చిన ఆ పాటి గౌరవం మన ఇండ్లలో ఎంతమంది పిల్లలకు దక్కుతున్నది? పెళ్ళిచూపులకు వచ్చినవారికి కాఫీ అందించడమే అంగీకారమనుకుంటున్నాం. అది అంగీకారం కాదు.

యాకోబు రాహేలు కోసం ఏడేళ్ళు కొలువు చేశాడు. ప్రేమ వలన ఆ ఏళ్ళు అతనికి కొన్ని దినాలుగా తోచాయని వాక్యం చెబుతుంది. ఓర్చుకోగలిగినది ప్రేమ. దీనికి ఎదురుగా 2 సమూయేలు 13లో అమ్నోను ఉన్నాడు. అతడు కూడా ప్రేమ అనే మాటే వాడాడు. తామారు వద్దని వేడుకున్నా వినక బలాత్కారం చేశాడు. ఆ వెంటనే, ముందున్న ప్రేమకంటె ఎక్కువగా ఆమెను ద్వేషించి బయటికి గెంటించాడు. ఈ అధ్యాయాన్ని మందిరాల్లో చదవడానికి చాలామంది వెనుకాడతారు. కాని మన రాష్ట్రాల్లో అమ్నోనులు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోసింది ప్రేమ పేరుతోనే. తనను కాదన్నదని వెంటపడేవాడు, ఫోటోలు బయటపెడతానని బెదిరించేవాడు ప్రేమికుడు కాడు. కాదన్న మాటను గౌరవించలేనివాడికి ఔనన్న మాటను అందుకునే అర్హత లేదు. ఈ సంగతి మగపిల్లలకు ఇంట్లో తండ్రి చెప్పాలి, సంఘంలో కాపరి చెప్పాలి.

గుండ్లకమ్మ ఒడ్డున పుట్టిన సంఘం

మనం ఒప్పుకొని మాట్లాడుకోవలసిన మరొక సంగతి కులం. ఈ ప్రాంతపు సంఘ చరిత్ర అందరికీ తెలిసినదే. 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి వద్దకు మొదట పై కులాల వారు కూడా ఆసక్తితో వచ్చారు. మాదిగ పల్లెల నుంచి వచ్చేవారిని చేర్చుకుంటే తాము రామని వారు చెప్పారు. ఏమి చేయాలో తోచక దొరగారు, దొరసానిగారు వేర్వేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయమే వచ్చిందనీ, లోకం నీచమని ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న ఆ మాటలే దారి చూపాయనీ ఆయనే తరువాత రాసుకున్నాడు. మహా కరువు తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది గుండ్లకమ్మ నదిలోనే. మన కంభం చెరువును నింపే నీళ్ళు అవే.

కులం గోడను కాదని పుట్టిన సంఘం మనది. మరి నేడు? ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే రెండు కుటుంబాలు, పిల్లల పెళ్ళి మాట రాగానే మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అని విడిపోతున్నాయి. వరుడు రక్షణ పొందినవాడై ఉండాలని అడుగుతారు, దాని వెంటనే కులం అడుగుతారు. మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లాడినందుకు మిర్యాము, అహరోను అతనికి విరోధంగా మాట్లాడితే, దేవుడు మోషేను గద్దించలేదు. మిర్యాముకే కుష్ఠు కలిగింది (సంఖ్యాకాండము 12). మోయాబీయురాలైన రూతు దావీదుకు ముత్తవ్వ అయింది, మన ప్రభువు వంశావళిలో పేరు పొందింది.

కులం అడ్డం పెట్టిన ప్రేమ చివరికి ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత క్రైస్తవ యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. కిరాయి ఇచ్చి ఆ హత్య చేయించింది అమ్మాయి తండ్రేనని పోలీసులు తేల్చారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. అక్కడ చంపినవారు మనవారు కారని ఊరుకోవడం తేలిక. తన కూతురు వేరే కులపు విశ్వాసిని చేసుకుంటానంటే గడప తొక్కనివ్వని తండ్రి మన సంఘంలోనూ ఉన్నాడు. కత్తి పట్టకపోవచ్చు. ఆ గోడ మాత్రం అదే గోడ.

కరువు సీమలో పెళ్ళి

మన పడమటి మండలాల్లో ఇంకొక బాధ ఉంది. వానలు లేక, బోర్లు ఎండి, ఊళ్ళకు ఊళ్ళు పనుల కోసం వలస పోతాయి. ఈడొచ్చిన పిల్లను ఇంట్లో ఒంటరిగా వదలలేక, వెంట తీసుకుపోలేక, ఒక అయ్య చేతిలో పెడితే చాలని పదో తరగతి కాకముందే పెళ్ళి చేసే తల్లిదండ్రులున్నారు. పిల్ల ఎవరితోనో మాట్లాడుతున్నదని తెలిస్తే ఆ తొందర ఇంకా పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళి అయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. ఆ తల్లిదండ్రుల భయం నిజమైనదే, వారిని తిట్టి లాభం లేదు. వలస పోయే కుటుంబపు పిల్లను హాస్టలులో చేర్పించడానికి సంఘం తోడు నిలిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది.

కట్నం మాట చెప్పనక్కర లేదు. 1961 చట్టం ప్రకారం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. కనీసం ఐదేళ్ళ జైలు. అయినా లాంఛనాలని, కానుకలని పేరు మార్చి ప్రధానం నాడే లెక్క తేల్చుకుంటున్నారు. ఆ తరువాత మందిరంలో నిలబడి కలిమిలోను లేమిలోను, వ్యాధిలోను ఆరోగ్యంలోను విడువనని ప్రమాణం చేస్తున్నారు. లేమిలో విడువనని పలికేవాడు పిల్ల తండ్రిని లేమిలోకి నెట్టి ఆ మాట పలకడం ఎలా న్యాయం? భర్త తన భార్యను క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్లు ప్రేమించాలని ఎఫెసీ పత్రిక చెబుతుంది. క్రీస్తు సంఘం దగ్గర ఏమీ తీసుకోలేదు. తన్నుతాను ఇచ్చుకున్నాడు.

సంఘం చేయదగినవి

ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచవచ్చు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచవచ్చు అని రోమా 14లో పౌలు అపొస్తలుడు చెప్పిన స్వేచ్ఛ మనకుంది. భార్యకు ఆ రోజున ఒక పువ్వు తెచ్చిన భర్తను తప్పుపట్టం. తేనివాణ్ణీ తప్పుపట్టం. 2018లోను, 2024లోను ఫిబ్రవరి 14వ తేదీనే భస్మ బుధవారం వచ్చింది. ఒకే రోజున లోకం గులాబీలు పంచుకుంటే, సంఘం సిలువ ప్రయాణం మొదలుపెట్టింది. ప్రేమకు అసలు కొలత ఎక్కడుందో ఆ తేదీలే చూపించాయి.

అయితే పండుగ వద్దని ఒక్క ఆదివారం గద్దించి, మిగిలిన ఏడాదంతా ఊరుకోవడం చాలదు. యౌవనస్థుల కూటాల్లో ప్రేమ గురించి, శరీర పవిత్రత గురించి, అంగీకారం గురించి తేటగా బోధించాలి. పద్దెనిమిది నిండని పిల్లతో సంబంధం, ఆమె ఇష్టపడినా సరే, 2012 నాటి పోక్సో చట్టం కింద నేరమని మగపిల్లలకు తెలియాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండిన రుజువు చూడనిదే ఏ కాపరీ పెండ్లి ప్రకటన చదవకూడదు. మూడు ఆదివారాలు ప్రకటన చదివే ఆచారం ఊరికే పెట్టింది కాదు. ఆ మూడు వారాల్లో కాపరి వధువుతో విడిగా మాట్లాడి, రిబ్కాను అడిగిన ప్రశ్న అడగాలి. కట్నం సంగతి కూడా ఆ కూర్చోవడంలోనే తేలాలి. కాపరమ్మగారు ఉంటే ఆడపిల్ల ఇంకా ధైర్యంగా చెబుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్ల ఎవరినో ఇష్టపడుతున్నానని మీకే వచ్చి చెబితే, దాన్ని అవమానంగా తీసుకోకండి. పురుగుమందు డబ్బా వైపో, రాత్రి బస్సు వైపో పోకుండా మీ వైపు వచ్చింది. కూర్చోబెట్టుకొని వినండి. ఆ అబ్బాయి నడవడి, చదువు, పని, విశ్వాసం విచారించండి. తగినవాడు కాకపోతే కారణం చెప్పండి. కులం ఒక్కటే కారణమైతే, ఆ కారణాన్ని ప్రభువు ముందు పెట్టి చూడండి. యౌవనస్థులకు మరొక మాట. మీ ప్రేమ నిజమైనదైతే చదువు పూర్తయ్యేదాకా, వయసు వచ్చేదాకా ఓర్చుకోగలదు. యాకోబు ఏడేళ్ళు ఓర్చుకున్నాడు. ఎవరైనా బలవంతపు పెళ్ళికి గురవుతుంటే పిల్లలకు 1098, స్త్రీలకు 181 నంబర్లు ఉన్నాయి. వాటికి ఫోన్ చేయడం తల్లిదండ్రులను ధిక్కరించడం కాదు.

మార్కాపురం పలకలు ఎన్నో తరాల పిల్లలకు అక్షరాలు దిద్దించాయి. పలక మీద రాసినది తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఫిబ్రవరి 14న ఫోనులో వచ్చే సందేశాలు చాలావరకు అలాంటివే. బలిపీఠం ఎదుట పలికిన మాట అలా తుడిచిపెట్టేది కాకూడదు. 1477లో మార్జరీ అడిగిన మాటకు జాన్ పాస్టన్ జవాబు చెప్పాడు. మన సంఘాల్లో ఈ ఏడు పెండ్లి పీట ఎక్కబోయే ప్రతి వరుడూ, ఆ వరుని తల్లిదండ్రులూ అదే జవాబు చెప్పగలిగితే, హతసాక్షి వాలెంటైన్ పేరును మనం నిజంగా గౌరవించినట్లే.